నీరు నిలిచే చోట నిర్మాణం

నదికి రెండు హద్దులుంటాయి. సంవత్సరంలో ఎక్కువ కాలం నీరు పారే ఇరుకైన గర్భం మొదటిది కాగా, అయిదేళ్లకో పాతికేళ్లకో ఒకసారి నీరు గట్లు పొర్లి పరచుకునే విశాలమైన పల్లం రెండవది. భౌగోళిక శాస్త్రం వరద మైదానమని పిలిచే ఈ పల్లం, నది తాను మోసుకొచ్చిన ఒండ్రుమట్టిని వేల ఏళ్లపాటు పొరలు పొరలుగా పరచి తయారు చేసుకున్న నేల గనుక చదునుగా ఉంటుంది, తవ్వకానికి అనువుగా ఉంటుంది, కొద్ది లోతులోనే అక్కడ బావిలో నీరు పడుతుంది. ఆ సౌకర్యాలే మనుషులను అక్కడికి రప్పిస్తాయి. అటువంటి చోట ఇల్లు కట్టడం అవివేకమని ఒక్క మాటలో కొట్టిపారేయడం తేలికే గాని, కృష్ణా గోదావరి డెల్టాలలోనూ వాటి నడుమ కొల్లేరు చుట్టూరా నివసిస్తున్న లక్షలాది ప్రజలకు ఆ సలహా ఎందుకూ కొరగాదు, ఎందుకంటే అక్కడ మెరక నేల అన్నదే అరుదు. కాబట్టి ముంపు నేలల్లో ఏ భాగంలో ఏమి కట్టవచ్చు, కట్టిన తరువాత అక్కడ ఇదివరకు నిలిచిన నీరు ఎక్కడికి పోతుంది అన్నవే శాస్త్రం పరిశీలించవలసిన ప్రశ్నలు అవుతాయి. వీటిలో రెండవదాన్ని భవన నిర్మాణ అనుమతి సమయంలో అడిగేవారు అరుదు. పట్టణాల్లో ముంపు బాధ చాలావరకు ఆ అడగని ప్రశ్న నుంచే పుడుతున్నది.

వరద ముప్పును లెక్కగట్టేవారు దానిని మూడు అంశాల లబ్ధంగా చూస్తారు. ఎంత లోతు నీరు, ఎంత వేగంతో, ఎంత తరచుగా వస్తుందన్నది మొదటి అంశం. ఆ నీటి దారిలో ఎందరు మనుషులు, ఎంత ఆస్తి ఉన్నదన్నది రెండవది. మునిగిన తరువాత అవి ఎంతగా దెబ్బతింటాయి, ఎంత కాలానికి తేరుకుంటాయి అన్నది మూడవది. కూడికగా గాక గుణకారంగా చూడడంలో ఒక అర్థమున్నది: జనసంచారం లేని లంకను ఇరవై అడుగుల వరద ముంచినా నష్టం దాదాపు శూన్యం, కిక్కిరిసిన బస్తీలో రెండడుగుల నీరు నిలిచినా నష్టం అపారం. పల్లపు భూమిలో లేఅవుటు వేస్తే రెండవ అంశం పెరుగుతుందని ఎవరైనా ఊహించగలరు. మొదటి అంశాన్ని, అంటే నీటి లోతునూ వేగాన్నీ కూడా, ఆ లేఅవుటే పెంచుతుందనీ, తరచుగా తన హద్దులకు అవతల పెంచుతుందనీ గ్రహించడానికి మాత్రం కొంత లెక్క చేయవలసి ఉంటుంది. ఆ లెక్కకు తెలుగు నేల మీద మూసీ పరీవాహక ప్రాంతాన్ని మించిన ఉదాహరణ లేదు.

మూసీ లెక్క

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాదును ముంచినప్పుడు దాదాపు 15 వేల మంది మరణించారనీ, సుమారు 19 వేల ఇళ్లు కూలిపోయాయనీ అంచనా. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ప్రభుత్వం ఆహ్వానంపై మరుసటి ఏడాది వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య, వానను నిందించి ఊరుకోకుండా, నగరానికి ఎగువన నీరు ఎక్కడెక్కడ నిలిచిందో, ఎక్కడెక్కడ నిలవలేకపోయిందో కొలిచారు. ఎగువ పరీవాహక ప్రాంతంలో 788 చెరువులు ఉన్నాయని, అంటే దాదాపు ప్రతి చదరపు మైలుకూ ఒకటి చొప్పున ఉన్నాయని, వాటిలో 221 తెగిపోయాయని, నగరం వద్ద గరిష్ఠ ప్రవాహం 4.25 లక్షల క్యూసెక్కులకు చేరిందని ఆయన లెక్క తేల్చారు. సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు ఒక చోటును దాటిపోతే దానిని ఒక క్యూసెక్కు అంటారు. గొలుసుకట్టు చెరువుల్లో ఎగువ చెరువు కట్ట తెగితే అందులోని నీరంతా వాన నీటికి తోడై దిగువ చెరువు మీద పడుతుంది గనుక, ఒక్కొక్క గండీ తరువాతి గండికి కారణమై, మామూలు రోజుల్లో వరదను ఆపవలసిన ఏర్పాటే ఆ రోజున వరదను పెంచే ఏర్పాటుగా మారింది. చెరువులు లేకపోతే మేలని దీని అర్థం కాదు. కట్ట బలమూ అలుగు పొడవూ తాను భరించవలసిన నీటికి సరిపోని చెరువు, చెరువు లేకపోవడం కన్నా ప్రమాదకరమని మాత్రమే అర్థం.

విశ్వేశ్వరయ్య సూచన మేరకు మూసీపై 1920లో ఉస్మాన్‌సాగర్, దాని ఉపనది ఈసీపై 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. మొదటిదాని నిల్వ సామర్థ్యం సుమారు 3.9 టీఎంసీలు, రెండవదానిది సుమారు 3 టీఎంసీలు. ఒక టీఎంసీ అంటే శతకోటి ఘనపుటడుగులు. 1908 నాటి గరిష్ఠ ప్రవాహమే ఎడతెగకుండా వచ్చిందనుకుంటే, పూర్తిగా ఖాళీగా ఉన్న ఈ రెండు జలాశయాలూ కలిసి నాలుగున్నర గంటల్లో నిండిపోతాయి. వరద శిఖరం అంతసేపు నిలవదు గనుక ఆ కొద్ది గంటలే నగరాన్ని కాపాడగలవు, కాని జలాశయం ఖాళీగా ఉన్నప్పుడే. వరదను ఆపే జలాశయానికి విలువ దానిలోని ఖాళీ స్థలంలో ఉంటుంది, తాగునీటి జలాశయానికి విలువ దానిలోని నీటిలో ఉంటుంది. ఈ జంట జలాశయాలు రెండు పనులూ చేయవలసి వచ్చింది, నగరం దాహం పెరిగినకొద్దీ రెండవ పనిదే పైచేయి అయింది. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో నిండుగా ఉన్న జలాశయంలోకి పెద్ద వాన నీరు చేరితే గేట్లు ఎత్తడం తప్ప వేరే దారి ఉండదు. 2020 అక్టోబరులో హిమాయత్‌సాగర్ గేట్లు ఎత్తినప్పుడు జరిగినది ఇదే. 2025 సెప్టెంబరులో జంట జలాశయాల నుంచి వదిలిన నీరు మహాత్మాగాంధీ బస్ స్టేషనులో ప్రవేశించినప్పుడు జరిగినదీ ఇదే. ఆ బస్ స్టేషను ఇమ్లీబన్‌లో, మూసీ పాయల నడుమ, నదీగర్భంలోని నేలపై ఉన్నది. జలాశయాలు కట్టి డెబ్బై ఏళ్లు గడిచేసరికి నదీగర్భం నగరానికి ఖాళీ స్థలంగా కనిపించడం మొదలైందనడానికి అంతకంటే స్పష్టమైన సాక్ష్యం అక్కరలేదు.

జలాశయమో కరకట్టో కట్టిన తరువాత దిగువన నిర్మాణాలు పెరిగి, చివరికి రక్షణ విఫలమైన రోజున నష్టం ఇదివరకటి కంటే ఎక్కువయ్యే ఈ ధోరణిని అమెరికా భౌగోళిక శాస్త్రవేత్త గిల్బర్ట్ వైట్ 1940లలోనే గుర్తించారు. ఆయన తరువాత వచ్చినవారు దీనికి కరకట్ట ప్రభావమని పేరు పెట్టారు. చిన్న వరదలను ఆపే కట్ట, ముప్పు ఉన్నదని ఏటా గుర్తు చేసే అనుభవాన్ని కూడా ఆపివేస్తుంది; భూమి ధర పెరుగుతుంది, ఇళ్లు వస్తాయి, వాటిని కాపాడడానికి కట్టను ఇంకా ఎత్తు చేయమన్న కోరిక వస్తుంది. ఈ చక్రంలో ఎవరూ తప్పు చేసినట్లు కనిపించరు, అదే దానిలోని చిక్కు.

అలుగుకు పైన

చెరువుకు సంబంధించి చట్టం గుర్తించే కీలకమైన ఎత్తు పూర్తి నీటిమట్టం. కార్యాలయాల్లోనూ వార్తల్లోనూ దీనినే ఎఫ్‌టీఎల్ అంటున్నారు. చెరువు నిండిన తరువాత మిగులు నీరు పొర్లిపోయే రాతికట్టడాన్ని ఆంధ్ర ప్రాంతంలో అలుగు, కలుజు అనీ, తెలంగాణలో మత్తడి అనీ అంటారు. దాని పైఅంచు ఎంత ఎత్తున ఉన్నదో అదే పూర్తి నీటిమట్టం. ఆ మట్టానికి నీరు నిండినప్పుడు మునిగే భూమి శిఖం. నీరు తగ్గాక ఆ భూమిలో పంట వేసుకోవడం చాలా చోట్ల వాడుకలో ఉన్నది, కొన్నిచోట్ల అది పట్టా భూమి కూడా. అందుకే శిఖం భూముల అమ్మకం సులువుగానూ, వాటి మీది వ్యాజ్యం సుదీర్ఘంగానూ ఉంటాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2012లో వచ్చిన భవన నిర్మాణ నియమాల ప్రకారం పది హెక్టార్లు, అంతకు మించిన చెరువుల పూర్తి నీటిమట్టం హద్దు నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్న చెరువుల నుంచి 9 మీటర్లు ఖాళీగా వదలాలి. ఈ ఖాళీ పట్టీనే బఫర్ జోన్ అంటున్నారు.

ఇక్కడ ఒక భౌతికశాస్త్ర విషయం మరుగున పడిపోతున్నది. పూర్తి నీటిమట్టం వరద మట్టం కాదు. అలుగు మీదుగా నీరు పారాలంటే చెరువులో నీరు ఆ అంచుకు పైన కొంత ఎత్తు నిలవాలి. ఎంత నీరు పారాలో, అలుగు ఎంత పొడవున్నదో వాటిని బట్టి ఆ ఎత్తు నిర్ణయమవుతుంది. ఇంజినీర్లు వాడే సూత్రం ప్రకారం అలుగు పొడవును మీటర్లలో తీసుకొని, దానిని నీటి ఎత్తు యొక్క ఒకటిన్నర ఘాతంతోనూ, దాదాపు 1.7 అనే గుణకంతోనూ గుణిస్తే సెకనుకు ఎన్ని ఘనపు మీటర్ల నీరు పారుతుందో తెలుస్తుంది. ముప్పై మీటర్ల అలుగు మీదుగా సెకనుకు ముప్పై ఘనపు మీటర్లు పారవలసి వస్తే, చెరువులో నీరు పూర్తి నీటిమట్టానికి పైన సుమారు 70 సెంటీమీటర్లు నిలుస్తుంది. చెరువు వెనుక భాగంలో నేల వాలు నూటికి ఒకటిగా ఉన్నదనుకుంటే, ఎత్తులో 70 సెంటీమీటర్లు పెరిగిన నీరు అడ్డంగా 70 మీటర్లు ముందుకు వస్తుంది. నియమం వదలమన్నది 30 మీటర్లే. అంటే నియమాన్ని అక్షరాలా పాటించి, కొలత ప్రకారం కట్టిన ఇల్లు కూడా అలుగు బాగా పారిన రాత్రి మునుగుతుంది. యజమాని తాను మోసపోయానని భావించడంలో న్యాయమున్నది, కాని నీటికి ఆ నియమంతో సంబంధం లేదు.

అలుగులో సగం పొడవును ఎవరైనా గోడ పెట్టి మూసివేశారనుకుంటే, అంతే నీరు పోవడానికి కావలసిన ఎత్తు 70 సెంటీమీటర్ల నుంచి 110 సెంటీమీటర్లు దాటుతుంది. అప్పుడు వెనుక ఇళ్లలో నీరు ఇంకా పెరుగుతుంది. అంతకంటే ముఖ్యంగా, కట్ట మీద మిగిలి ఉండవలసిన ఎత్తు తరిగిపోతుంది. మట్టి కట్ట మీదుగా నీరు పొర్లడం మొదలైతే దిగువ వాలులోని మట్టి కోసుకుపోయి గంటల్లోనే గండి పడుతుంది. 2020 అక్టోబరు 13, 14 తేదీల్లో హైదరాబాదు బేగంపేటలో 19 సెంటీమీటర్లకు పైగా వాన కురిసి, పాతబస్తీ వైపు పల్లె చెరువుకు గండి పడింది; కొద్ది రోజులకే బాలాపూర్ వద్ద గుర్రం చెరువు తెగింది. వాటి దిగువన ఉన్నవి ఒకప్పుడు ఆయకట్టు పొలాలు. తెగిన చెరువు నీరు పొలంలో పడితే ఒక పంట పోతుంది, కాలనీలో పడితే ప్రాణాలు పోతాయి. చెరువు కట్ట అదే, దాని నిర్మాణ ప్రమాణాలు అవే, కింద ఉన్న భూమి వినియోగం మాత్రమే మారింది. భూమి వినియోగ మార్పిడికి అనుమతి ఇచ్చే ముందు ఎగువ చెరువు కట్టను కొత్త ప్రమాణాలకు బలపరచాలన్న షరతు ఉండవలసినది, ఉండడం లేదు.

ఒక ఎకరం కథ

చెరువుకు దూరంగా, మెరక మీద ఉన్న భూమికి వరదతో పని లేదనుకోవడం కూడా పొరపాటే. ఎకరం నేల మీద గంటలో అయిదు సెంటీమీటర్ల వాన కురిస్తే పడే నీరు సుమారు రెండు లక్షల లీటర్లు, అంటే నగరంలో తిరిగే అయిదు వేల లీటర్ల ట్యాంకర్లు నలభై. ఆ ఎకరం గడ్డితో చెట్లతో ఉన్న బీడు అయితే అందులో నాలుగో వంతు, పది ట్యాంకర్ల నీరు మాత్రమే పల్లానికి పారుతుంది. మిగిలినది నేలలో ఇంకుతుంది, గుంటల్లో నిలుస్తుంది, ఆకుల మీద ఆరిపోతుంది. అదే ఎకరంలో ఇళ్లు కట్టి, సిమెంటు రోడ్లు వేసి, ఖాళీ జాగాలో బండలు పరిస్తే నూటికి ఎనభై అయిదు వంతులు, ముప్పై నాలుగు ట్యాంకర్లు, వెంటనే పారుతుంది. పారే నీటికీ పడిన నీటికీ ఉన్న ఈ నిష్పత్తిని ప్రవాహ గుణకమంటారు. నీటి మొత్తం మూడు రెట్లకు పైగా పెరగడం ఒక సంగతి, నున్నటి తలం మీద వేగంగా పారడం వల్ల అది తక్కువ సమయంలో నాలాకు చేరడం మరొక సంగతి. రెండూ కలిసి నాలాలో ప్రవాహ శిఖరాన్ని పెంచుతాయి. నల్లరేగడి నేలలు ఒకసారి తడిసి ఉబ్బితే నీటిని అంతగా పీల్చుకోవు గనుక అక్కడ బీడుకూ కట్టడానికీ ఉన్న తేడా కొంత తక్కువ, ఇసుక గరప నేలల్లో తేడా ఎక్కువ.

ఇంగ్లండు వంటి దేశాల్లో పెద్ద నిర్మాణాలకు పెట్టే షరతు సూటిగా ఉంటుంది: కట్టక ముందు ఈ నేల నుంచి ఎంత వేగంగా నీరు బయటికి పోయేదో, కట్టిన తరువాత కూడా అంతకు మించి పోకూడదు. పై ఉదాహరణలో అదనంగా పారే ఇరవై నాలుగు ట్యాంకర్ల నీటిని, అంటే లక్షా ఇరవై వేల లీటర్లను, స్థలంలోనే కొన్ని గంటలు ఆపి నెమ్మదిగా వదలాలన్నమాట. ఎనిమిది మీటర్ల పొడవు, ఆరు మీటర్ల వెడల్పు, రెండున్నర మీటర్ల లోతు గల తొట్టి దానికి చాలు; లేదా పిల్లల ఆటస్థలాన్ని చుట్టూ ఉన్న నేల కంటే అడుగు పల్లంగా ఉంచినా చాలావరకు సరిపోతుంది. తెలుగు రాష్ట్రాల్లో ఇంకుడు గుంతల నియమం ఉన్నది గాని, దాని ఉద్దేశం భూగర్భ జలం పెంచడం. జూన్ నెల వానకు పనికివచ్చే ఆ గుంత, నేలంతా తడిసిన అక్టోబరు వానకు అప్పటికే నిండి ఉంటుంది.

ముంపు నేలల్లోనే కట్టేటప్పుడు ఇంకొక లెక్క తోడవుతుంది. పల్లపు స్థలం కొన్నవారు మొదట చేసే పని మట్టి తోలించి మెరక చేయడం. ఎకరం భూమిని ఒక మీటరు ఎత్తు చేస్తే, వరద రోజున అక్కడ నిలిచే నాలుగు వేల ఘనపు మీటర్ల నీటికి చోటు పోతుంది. ఆ నీరు మాయమైపోదు, పక్క స్థలాల మీద పరచుకొని అక్కడి మట్టాన్ని పెంచుతుంది. ఒక్క ఎకరం వల్ల పెరిగే మట్టం కొలతకు అందనంత స్వల్పం, అందుకే ఒక్కొక్క అనుమతినీ విడిగా పరిశీలించే అధికారికి అందులో అభ్యంతరం కనిపించదు. నూరు ఎకరాలు అలా మెరక అయిన తరువాత తేడా మోకాటి లోతున తెలుస్తుంది, అప్పటికి బాధ్యుడు ఎవరో తేల్చడం అసాధ్యం. దీనికి విరుగుడు నష్టపరిహార నిల్వ అనే పద్ధతి: ఎంత ఘనపరిమాణం మట్టితో పూడ్చారో అంత ఘనపరిమాణాన్ని అదే వరద మైదానంలో, అదే ఎత్తు పరిధిలో తవ్వి నీటికి తిరిగి ఇవ్వాలి. అదే ఎత్తు పరిధిలో అన్న షరతు ముఖ్యం, ఎందుకంటే లోతుగా గొయ్యి తవ్వితే అది వరద రాకముందే ఊటనీటితోనో తొలి వాననీటితోనో నిండిపోయి శిఖర సమయానికి ఉపయోగపడదు. వీధి రోడ్డు ప్రతిసారీ పాత పొర తీయకుండానే కొత్త పొర వేయడం కూడా ఇటువంటి పూడికే. పదిహేనేళ్లలో రోడ్డు ఇళ్ల గడపల కంటే ఎత్తయి, తరువాత కట్టేవారు తమ పీఠాన్ని మరింత ఎత్తు చేసుకొని, మిగిలిన పాత ఇళ్లు వీధి మొత్తానికీ తొట్టెలుగా మారడం ఏ పట్టణంలోనైనా చూడవచ్చు.

వందేళ్ల వరద

ఎంత వరదకు సిద్ధపడాలన్నది శాస్త్రమొక్కటే చెప్పగలిగిన విషయం కాదు, అది సమాజం చేసుకోవలసిన నిర్ణయం. శాస్త్రం దానికి సంభావ్యతలను సమకూర్చగలదు. వందేళ్ల వరద అంటే నూరేళ్లకు ఒకసారి వచ్చేది అనుకొని, మొన్ననే వచ్చింది గనుక ఇక తొంభై తొమ్మిదేళ్లు నిశ్చింత అని భావించేవారున్నారు. ఏ సంవత్సరంలోనైనా రావడానికి నూటికి ఒక వంతు అవకాశమున్న వరద అని మాత్రమే దాని అర్థం, వరుసగా రెండేళ్లు రావడానికి ఆటంకమేమీ లేదు. ఇంటి అప్పు తీరే ముప్పై ఏళ్లలో అటువంటి వరద కనీసం ఒక్కసారి వచ్చే అవకాశం నూటికి 26 వంతులు. పాతికేళ్ల వరదకు సరిపడేలా కట్టిన ఇంటి విషయంలో అదే ముప్పై ఏళ్లకు ఆ అవకాశం నూటికి 71 వంతులు. పైగా ఈ లెక్కలన్నీ గతంలో కొలిచిన వానలు భవిష్యత్తులోనూ అదే తీరుగా కురుస్తాయన్న ఊహ మీద నిలిచినవి; వాతావరణం వేడెక్కినకొద్దీ గాలి మోయగల తేమ డిగ్రీకి దాదాపు ఏడు శాతం చొప్పున పెరుగుతున్నది గనుక, ఆ ఊహ ఇప్పటికే సడలుతున్నది.

దిగువ నీటి మట్టం

విజయవాడ అనుభవం మరొక కోణాన్ని చూపిస్తుంది. మైలవరం వైపు కొండల్లో పుట్టి కొల్లేరులో కలిసే బుడమేరు సహజ మార్గం నగరం ఉత్తర భాగం గుండా పోతుంది. ఆ వరద నగరంలోకి రాకుండా వెలగలేరు వద్ద రెగ్యులేటరు కట్టి, అక్కడి నుంచి మళ్లింపు కాలువ ద్వారా నీటిని ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణలోకి పంపే ఏర్పాటు చేశారు; 2024 నాటికి ఆ కాలువ సామర్థ్యం 15 వేల క్యూసెక్కులు. మళ్లింపు ఉన్నదన్న ధైర్యంతో దిగువన పాత బుడమేరు ఏడాదిలో చాలాకాలం మురుగు కాలువలా మిగిలింది, దాని పల్లాల్లో కాలనీలు వెలిశాయి. 2024 ఆగస్టు చివరి రోజుల్లో ఎడతెగని వానకు మళ్లింపు కాలువ సామర్థ్యానికి రెట్టింపుకు మించిన వరద వచ్చింది. అదే సమయంలో కృష్ణ కూడా పొంగి, సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ వద్ద 11.43 లక్షల క్యూసెక్కుల రికార్డు ప్రవాహం నమోదైంది. నీరు వాలు ఉంటేనే పారుతుంది. కాలువ చివర నది మట్టం పెరిగిపోతే వాలు తగ్గి, కాలువ తన మామూలు సామర్థ్యాన్ని కూడా మోయలేక వెనక్కి నిండుతుంది. మళ్లింపు కాలువకు మూడు చోట్ల గండ్లు పడ్డాయి, సింగ్‌నగర్ పరిసరాలు రోజుల తరబడి నీటిలో ఉన్నాయి. మళ్లింపు కాలువను నమ్ముకున్నవారు లెక్కలో వదిలివేసినది కాలువ వెడల్పును కాదు, దాని చివరనున్న నది మట్టాన్ని. ఒకే వాయుగుండం రెండింటినీ ఒకేసారి నింపుతుంది గనుక, రెండు పెద్ద వరదలు కలిసి రావడం అరుదైన యాదృచ్ఛికమని భావించడానికి వీలు లేదు.

ఇందుకే ముంపు నేలల ప్రణాళికలో ఒక వరుస పాటించాలని నిపుణులు అంటారు. మెరక భూమి దొరికినంతవరకు ఇళ్లను అక్కడికే మళ్లించడం మొదటి మెట్టు. దొరకనప్పుడు ఒకే స్థలంలో ఎక్కువ మునిగే భాగాన్ని తోటలకూ ఆటస్థలాలకూ వాహనాల నిలుపుదలకూ వదిలి, ఆసుపత్రి, విద్యుత్ ఉపకేంద్రం, అగ్నిమాపక కేంద్రం వంటివాటిని అన్నింటికంటే ఎత్తున ఉంచడం రెండవది. ఆ తరువాతనే కట్టడాన్ని ఎత్తు చేయడం, గట్టిపరచడం. భారతదేశంలో ఈ ఆలోచనకు చట్టరూపం ఇవ్వడానికి కేంద్రం 1975లోనే వరద మైదానాల మండలీకరణ నమూనా బిల్లును రాష్ట్రాలకు పంపింది. మణిపూర్, రాజస్థాన్, ఉత్తరాఖండ్ వంటి కొద్ది రాష్ట్రాలే చట్టాలు చేశాయి. నెదర్లాండ్స్ 1993, 1995 వరదల తరువాత, శతాబ్దాలుగా కరకట్టలు పెంచుతూ వచ్చిన తన పద్ధతిని మార్చుకొని, నైమేఖన్ నగరం ఎదుట వాల్ నది కట్టను 350 మీటర్లు లోపలికి జరిపి, మధ్యలో కొత్త పాయ తవ్వి, నదికి చోటు పెంచింది. దానికోసం కొన్ని ఇళ్లు తీసివేయవలసి వచ్చింది, ఆ ఇళ్లవారికి పరిహారమూ వారితో ముందస్తు సంప్రదింపులూ సంవత్సరాల తరబడి సాగాయి. అనుమతి పత్రాలతో కొన్న ఇంటిని ఒక తెల్లవారుజామున జేసీబీ పంపి కూల్చడం, దానితో పోల్చదగిన పని కాదు.

కట్టడం స్థాయిలో సాధ్యమయ్యేవి కొన్ని ఉన్నాయి. మీటరు లోతు నీరు నిలబడితే ప్రతి మీటరు గోడ మీద దాదాపు అర టన్ను నెట్టుడు పడుతుంది. నాలుగున్నర అంగుళాల ప్రహరీ దానికి నిలవదు, పైగా నీటి దారికి అడ్డంగా కట్టిన ప్రహరీ కూలేవరకు ఎగువ ఇంటిని ముంచుతుంది, కూలిన క్షణంలో దిగువ ఇంటి మీదికి ఆ నీటినంతా ఒక్కసారిగా వదులుతుంది. అటువంటి చోట జాలీ గోడో కంచెయో మేలు. భూగర్భ సంపు ఖాళీగా ఉంటే చుట్టూ నీటితో నానిన నేల దానిని పైకి నెట్టి పగులగొట్టగలదు గనుక, వరద సూచన రాగానే సంపు నింపి మూత బిగించడం మంచి పద్ధతి. సెల్లారులు ముంపు ప్రాంతాల్లో అసలు ఉండకూడదు. స్తంభాల మీద లేపిన అంతస్తు కింద నీరు పారిపోవడానికి వీలుంటుంది, అయితే ఆ ఖాళీలో తరువాత గదులు కట్టి, వాచ్‌మన్ కుటుంబాన్ని కాపురం పెట్టే అలవాటు ఉన్నంతకాలం ఆ వీలు కాగితం మీదనే ఉంటుంది. మీటరు బోర్డు, లిఫ్టు యంత్రం, జనరేటరు మొదటి అంతస్తు మీద ఉండాలి. మురుగు గొట్టానికి వెనుకకు పారనివ్వని వాల్వు బిగిస్తే, వీధిలో నీరు పెరిగినప్పుడు మరుగుదొడ్డి నుంచి ఇంటిలోకి తన్నుకు రాదు. ఈ చిన్న పరికరం ముంపు కాలనీల్లో కనిపించకపోవడం విచిత్రం.

అమరావతి విషయంలో ఈ లెక్కలన్నీ ఒక్కచోట కలుస్తాయి. 217 చదరపు కిలోమీటర్ల రాజధాని ప్రాంతంలో గణనీయమైన భాగం కొండవీటి వాగు పల్లాల్లో ఉన్నది. ఆ వాగు ఉండవల్లి వద్ద, ప్రకాశం బ్యారేజీకి కాస్త ఎగువన, కృష్ణను చేరుతుంది. కృష్ణ మట్టం ఎక్కువగా ఉన్నప్పుడు వాగు నీరు తనంతట తాను నదిలోకి పోలేదు. అందుకే వాగును వెడల్పు చేయడం, నీరుకొండ, శాఖమూరు, కృష్ణాయపాలెం వద్ద జలాశయాలు తవ్వడం ప్రణాళికలో చేరాయి; 5 వేల క్యూసెక్కులను నదిలోకి ఎత్తిపోసే పథకం 2018లో ఉండవల్లి వద్ద ప్రారంభమైంది. జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017 నాటి తీర్పులో వరద మైదానం రక్షణకు షరతులు విధించింది. ప్లాట్లు గీయక ముందే నీటి జాడను లెక్కలోకి తీసుకున్న రాజధాని ప్రణాళిక ఇది, ఆ మేరకు మెచ్చుకోదగినది. జలాశయాలూ కాలువలూ పూర్తికాకుండా పంపుల మీదనే భారం పడితే మాత్రం, నగరం పొడిగా ఉండడం విద్యుత్ సరఫరా మీద ఆధారపడుతుంది. తుపాను రాత్రి మొదట తెగేది విద్యుత్ సరఫరాయే గనుక డీజిలు జనరేటర్లు, వాటికి ఇంధన నిల్వ, ఏటా వానకాలానికి ముందు యంత్రాలను నడిపి చూడడం, పూడికతీత, ఇరవై ఏళ్లకోసారి పంపుల మార్పిడి అవసరమవుతాయి. వీటికయ్యే శాశ్వత ఖర్చు ఏ పద్దు నుంచి వస్తుందో, ప్లాటు కొనేవారి నుంచి ఏటా పన్నుగా వసూలు చేస్తారో, ప్రభుత్వ బడ్జెటులో కరువు ఏడాది కూడా కోత పెట్టకుండా ఉంచుతారో భూమి కేటాయింపు పత్రాల్లోనే రాయవలసి ఉన్నది.